ప్యాకెట్ మీది అత్తమ్మ

ఈ రాతలో ఎవరి పేరూ ఉండదు, ముందే చెప్తున్నాను. మా అత్తమ్మ పేరు ఒక్కసారైనా నిండుగా రాయాలని ఉంటుంది. రాయబోతే ఒక పక్క భయం, ఇంకో పక్క కోపం. ఆ పేరు ఇప్పుడు మా బావది. పొలం ఎవరి పట్టా, ఇల్లు ఎవరి పట్టా అని చూసుకునేవాళ్లం గానీ, బతికున్న మనిషి పేరుకూ ముఖానికీ కూడా పట్టా చేయించుకోవచ్చని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని అత్తమ్మ అనే రాస్తాను. ఆ మాటకు ఇంకా ఎవరూ దరఖాస్తు పెట్టుకున్నట్టు లేదు.

మాది హుజూరాబాద్. జమ్మికుంటకు పోయే రోడ్డు మీద మా దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఏడాది పొడుగునా సకినాలు చుడతాం. నానబెట్టి పట్టించిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ చుట్టు పక్కన చుట్టు పెట్టుకుంటూ పోవాలి. బట్ట తడి పీల్చుకున్నాక నూనెలో వేయించాలి. చూడటానికి ఆటలాగే ఉంటుంది, ఒక పూట కూర్చుంటే అదెంత పనో నడుము చెప్తుంది. మా అత్తమ్మ మాత్రం ఊరి ముచ్చట్లన్నీ చెప్తూనే ఉంటుంది, చేతి కింద సకినం తయారవుతూనే ఉంటుంది. ఆమె కిందికి చూడనైనా చూడదు.

ఈ వ్యాపారం పెట్టాలని పెట్టింది కాదు. మా ఆయన అన్న, అంటే మా బావ, అప్పుడు దుబాయిలో ఉండేవాడు. సెలవు అయిపోయి తిరిగిపోయేటప్పుడు అత్తమ్మ ఒక డబ్బా నిండా సకినాలు కట్టిచ్చేది. ఆయన గదిలో ఉండేవాళ్లంతా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కువాళ్లు. డబ్బా మూత తీస్తే రెండో పూటకు మిగిలేది కాదట. తర్వాత ఒకరి వెనక ఒకరు, ఊళ్లకు వచ్చి పోయేవాళ్ల చేత మా ఇంటి నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. మా యారాలు, అంటే బావ భార్య, తెలివిగలది. ఉత్త కవర్లో ఎందుకు పంపాలి, పేరు పెడదాం అంది.

"ఏం పేరు పెడ్దాం అక్కా?" అని అడిగాను.

"చేసేది అత్తమ్మ కద చెల్లె, అత్తమ్మ పేరే పెడ్దాం. ఫోటో గూడ ఏద్దాం" అంది.

ఆ ఆలోచన ఆమెదే. ఎంత కోపంలో ఉన్నప్పుడు కూడా ఆ మాట నేను కాదనలేదు.

ఫోటో తీయడానికి స్టూడియో అతను ఇంటికే వచ్చాడు. అత్తమ్మ చేతిలో పెద్ద సకినం ఒకటి పట్టుకొని వాకిట్లో నిలబడింది. పొయ్యి మీద నూనె బాండీ అట్లాగే వదిలి వచ్చింది. "జర నవ్వు అవ్వా" అని అతను అంటాడు, "నూనె మాడుతది బిడ్డా, జల్ది తియ్యి" అని ఆమె అంటుంది. చివరికి ఆ నూనె దిగులంతా ముఖంలో పడింది. ఫోటో చూసి మేం కడుపుబ్బ నవ్వుకున్నాం. యారాలు ఒక్కతే నవ్వలేదు. నవ్వే ముఖాలు అందరి ప్యాకెట్ల మీదా ఉంటాయి, పని మీద ధ్యాస ఉన్న ముఖం ఎక్కడా లేదు, ఇదే ఉండాలి అంది. ఆమె అన్నట్టే అయింది. పేరు చదవడం రానివాళ్లు కూడా "గా నవ్వని పెద్దామె ప్యాకెట్ ఇయ్యి" అని అడిగి తీసుకుపోయేవారు.

అత్తమ్మకూ చదువు రాదు. ప్యాకెట్ మీద ఏమేం రాసి ఉందో ఆమెకు తెలియదు, తెలిసింది తన ముఖం ఒక్కటే. అరలో ఏ ప్యాకెటైనా తలకిందులుగానో, బోర్లాగానో కనబడితే ఊరుకునేది కాదు. ఎంత పనిలో ఉన్నా లేచి వెళ్లి తిప్పి నిలబెట్టేది. "నన్ను బోర్ల పండవెట్టిండ్రేందే, నాకు ఊపిరాడద్దా?" అని మమ్మల్ని తిట్టేది. దుకాణానికి వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. ఆ పని చేసేటప్పుడు ఆమె ముఖం అచ్చం ప్యాకెట్ మీది ముఖమే.

బావ దుబాయి నుంచి పూర్తిగా వచ్చేశాక ఇల్లు ఇరుకైంది. ఆయన మిషన్ పెడదామన్నాడు. చేతితో చుట్టిందే ఉండాలని మా ఆయన పట్టుబట్టాడు. మాటా మాటా పెరిగింది. నేనూ నా వంతు పెంచాను, నా నోరు ఊరుకునే రకం కాదు. ఇంక వేరు పడటమే మంచిదని, మా దిక్కు పద్ధతి ప్రకారం పెద్దమనుషుల్ని పిలిచి వాకిట్లో కూర్చోబెట్టాం. పొలం, ఇల్లు, దుకాణం, గంగాళాలు, బాండీలు, గ్యాస్ పొయ్యిలు, ఆఖరికి పిండి జల్లెళ్లు కూడా చీటీలు వేసి పంచారు. దుకాణం, ఇల్లు మాకు వచ్చాయి, రోడ్డు పక్క పొలం బావకు వెళ్లింది. పంచడంలో వాళ్ల నేర్పును మెచ్చుకోవాలి. మూలకు పడి ఉన్న విరిగిన కుర్చీని కూడా మర్చిపోలేదు. అత్తమ్మను కూడా పంచారు. ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో. ఆమె గడప మీద కూర్చొని అంతా వింటోంది. "ఏడున్నా నా పిల్లలే" అంది.

పేరు సంగతి ఎత్తింది నేనే. "మరి ప్యాకెట్ మీది పేరు ఎవలకు?" అని అడిగాను. పంపకాల దగ్గర కోడలు నోరు తెరిస్తే పెద్దమనుషులు ఎట్లా చూస్తారో అట్లాగే చూశారు. వాళ్లలో అందరికన్నా పెద్దాయన తువ్వాల దులిపి భుజం మార్చుకున్నాడు.

"పేరేమన్న పొలమా బిడ్డా, నడుమ గట్టు పెట్టుకునేటందుకు? అవ్వ ఇద్దరికీ అవ్వనే. ఇద్దరు పెట్టుకోండ్రి, ఎవలొద్దన్నరు?" అన్నాడు.

ఆ మాట అందరికీ నచ్చింది. అబద్ధం చెప్పను, నాకూ నచ్చింది. చాయ్ తాగి ఎవరి ఇళ్లకు వాళ్లు లేచిపోయారు. బాండీకి చీటీ వేసినవాళ్లం, ఆ బాండీలో వేగినదాన్ని అమ్మిపెట్టే పేరును మాత్రం గాలికి వదిలేశాం. అప్పుడు మాకు అది ఆస్తిలాగా కనబడలేదు.

బావవాళ్లు కరీంనగర్ వెళ్లి దుకాణం పెట్టారు, మిషన్ తెచ్చుకున్నారు. మేం ఇక్కడే ఉన్నాం. రెండు చోట్లా అదే పేరు, అదే ముఖం. మా ఆయన తిండి పదార్థాల లైసెన్సు, దుకాణం లైసెన్సు, జీఎస్టీ అన్నీ ఆ పేరు మీదే చేయించి, అద్దాలు కట్టించి గోడకు వరుసగా తగిలించాడు. ఇన్ని సర్కారు ముద్రలు పడ్డాక పేరు మాది కాక ఇంకెవరిదవుతుంది అనుకున్నాం. అగర్బత్తి వెలిగించేటప్పుడు దేవుడి పటంతో పాటు వాటికీ ఒకసారి తిప్పేవాడు.

పోయిన పత్తి సీజన్‌లో, జమ్మికుంట యార్డుకు పోయే పత్తి బండ్లు మా దుకాణం ముందు బారు కట్టిన రోజుల్లో, కొరియర్ వచ్చింది. ఇంగ్లిష్‌లో ఉంది. నేను డిగ్రీ దాకా చదివాను కాబట్టి కూడబలుక్కొని చదివాను. ఫలానా పేరు, దానితో పాటు ఉన్న ముసలామె ఫోటో మా క్లయింటు ట్రేడ్‌మార్క్. మీరు అనుమతి లేకుండా వాడుతున్నారు. వెంటనే మానుకోవాలి, ఉన్న కవర్లన్నీ నాశనం చేయాలి, లేదంటే కోర్టుకు వెళ్తాం. కింద క్లయింటు అని ఉన్న చోట మా బావ పేరు.

చదివి తల ఎత్తి షెడ్డు వైపు చూశాను. అది అత్తమ్మ మా ఇంట్లో ఉండే నెల. ఏ ముఖాన్ని వాడొద్దని రాశారో ఆ ముఖం అక్కడ కూర్చొని, కొంగు నెత్తికి చుట్టుకొని, సకినం చుడుతోంది.

"ఎవల కాడికెల్లి బిడ్డా?" అని అడిగింది.

"కరెంటోళ్లు అత్తమ్మా" అన్నాను.

మా ఆయన అన్నకు ఫోన్ చేశాడు. నేను పక్కనే నిలబడి స్పీకర్ నొక్కాను. బావ గొంతులో కోపమేమీ లేదు, అదే నాకు ఇంకా మండింది.

"తమ్మీ, నీ మీద పగతోని కాదురా. వరంగల్ల ఎవడో అవ్వ ఫోటో పెట్టి ముక్కిపోయిన సరుకు అమ్ముతుండు. దుబాయి షాపోళ్లేమో పేరు రిజిస్టర్ ఉంటెనే తీస్కుంటమన్నరు. అందుకే చేయించిన. వకీలు అందరికీ నోటీసులు పంపిండు, దాంట్ల నీకు గూడ వచ్చింది. నీకొక్కనికి ఇడిస్తే రేపు వరంగల్లోడు గదే చూపెడ్తడు."

"మరి నాకొక్క మాట చెప్పకపోతివి అన్నా" అన్నాడు మా ఆయన.

"చెప్తే నీ భార్య ఊకుంటుండెనా?" అన్నాడు బావ.

"నేను వింటున్న బావా. ఊకోకపోతుంటి, నిజమే" అని నేనే ఫోన్ పెట్టేశాను.

మరునాడు ఇద్దరం బస్సెక్కి కరీంనగర్ పోయి, తెలిసినవాళ్లు చెప్పిన ఒక వకీలు సాబ్‌ను కలిశాం. గోడకున్న లైసెన్సులన్నీ అద్దాలతో సహా సంచిలో వేసుకొని పోయాం. ఆయన ఒక్కొక్కటి చూసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు.

"ఇవన్ని వ్యాపారం చేసుకునేటందుకు ఇచ్చినయి అమ్మా. పేరు మీదే అని చెప్పేటివి కావు. పేరుకు ట్రేడ్‌మార్క్ అని వేరే ఉంటది. అది ఆయన చేయించుకున్నడు" అన్నాడు.

"మరి సకినం చేసే పద్ధతి గూడ రాయించుకున్నడా ఏంది?"

"సకినం ఎవ్వరిదీ కాదు. మన దిక్కు ఇంటింటికి చేస్తరు. దాని మీద, గుండ్రగ చుట్టుడు మీద ఎవరికీ హక్కు రాదు. రేపటి నుంచి గూడ అవే సకినాలు, అదే షెడ్డుల చేసి అమ్ముకోవచ్చు మీరు. గా పేరు, ఫోటో తప్ప."

వేళ్లు తిమ్మిరెక్కేదాకా చుట్టే సకినం అందరిదీనట, ఒక పూటలో ప్రెస్సువాడు అచ్చేసిన బొమ్మ మాత్రం ఒక్కరిదేనట. ఆయన చెప్పేది న్యాయం కావచ్చు గానీ నా బుర్రకు ఎక్కలేదు.

"రిజిస్టర్ చేసే ముందుగాల జర్నల్ల వేస్తరు. అభ్యంతరం ఉన్నోళ్లు నాలుగు నెలలల్ల చెప్పాలె. మీరు చూడలేదా?" అన్నాడు.

"అదేం పేపర్ సార్? మా కాడికి రాదు."

ఇంటర్నెట్‌లో ఉంటుందట. "రోజూ దుకాణానికి తాళం పడ్డదా లేదా అని చూస్కుంటం గాని, మా అత్త పేరు ఎవలన్న ఎత్కపోతున్నరా అని కంప్యూటర్ల చూస్తమా సార్?" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

దారి లేకపోలేదన్నాడు. మొదటి నుంచి మేమూ ఆ పేరుతోనే అమ్ముతున్నామని పాత కవర్లు, బిల్లులు చూపిస్తే గట్టిగా కొట్లాడవచ్చట, గెలిచినా గెలవవచ్చట. కానీ బతికున్న మనిషి పేరు, ఫోటో కాబట్టి ఆ మనిషికి ఇష్టమేనని బావవాళ్లు ఒక కాగితం పెట్టారు. దాని మీద అత్తమ్మ వేలిముద్ర ఉంది.

"పెద్దామె వచ్చి చెప్పాలె. నాకు సరిగ్గ చెప్పి వేయించుకోలే, నా చిన్నకొడుకును వాడొద్దని నేననలే అని చెప్పాలె. ఎదుటి వకీలు ఊకుంటడా? అయితే నీ పెద్దకొడుకు మోసం చేసిండా అని అడుగుతడు. చెప్పగల్గుతదా ఆమె?"

మా ఆయన లేచి లైసెన్సులన్నీ సంచిలో సర్దుకున్నాడు. "మా అవ్వను కోర్టు మెట్లెక్కియ్య సార్" అన్నాడు.

బస్సులోనే కొట్లాట పెట్టుకున్నాను. నీ అన్నకు లేని మొహమాటం నీకెందుకన్నాను. మన పొయ్యి ఆరిపోతే నీ అన్న వచ్చి ముట్టిస్తాడా అన్నాను. ముందు సీట్లో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నా ఆపలేదు. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, "అవ్వను నువ్వే అడుగు. ఆమె వస్తనంటే నేనడ్డం రాను" అన్నాడు.

తెల్లవారి బియ్యం కడుగుతూ అడిగాను. "అత్తమ్మా, బావ ఏమన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నడా?"

"ఏసిన బిడ్డా" అంది, దాచాల్సిన సంగతేమీ కాదన్నట్టు. "నా పేరు మీద షాపు పెద్దగ చేస్తున్న, అవ్వకు ఇష్టమేనా అని సర్కారోళ్లు అడుగుతున్నరు అన్నడు. నాకెందుకిష్టముండదు? ఏసిన. నువ్వు గూడ తెచ్చినవా ఏంది కాగితం? తే, ఏస్త."

బొటనవేలు ముందుకు చాపింది. దాని నిండా తడిపిండి. నేను చూస్తూ నిలబడ్డాను. నా నోట్లో మాట తిరుగుతూనే ఉంది, నీ పెద్దకొడుకు నీ వేలితోనే మా కడుపు కొట్టాడని. ఆమె మళ్లీ పిండిలో చెయ్యి పెట్టింది.

"నా ఇద్దరు కొడుకులు నా ముఖం పెట్టుకొని బతుకుతుండ్రు. గింతకన్న ఏం గావాలె నాకు" అంది, నాతో కాదు, తనలో తానే అన్నట్టు.

కేసు ఆలోచన అక్కడితో పోయింది. ఎవరి ముఖం మీద వాళ్ల మాట అనేసే నేను, అత్తమ్మ ముందు మూగదాన్నయ్యాను. ఆ రోజంతా పాత్రల మీద చూపించాను ఆ కోపం.

వారం తిరగకముందే యారాలు ఆటో దిగింది. చేతిలో కవరు. అత్తమ్మకు చీర తెచ్చింది, నాకు పూలు తెచ్చింది. అత్తమ్మ షెడ్డులోకి వెళ్లాక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"చెల్లె, లొల్లి ఎందుకు? గిది అనుమతి కాగితం. మీరిద్దరు సంతకం చేస్తే ఎప్పటిలెక్కనే వాడుకోవచ్చు. పైసలేమొద్దు."

మా ఆయన ముఖం వెలిగింది. నేను కాగితం లాక్కొని చదివాను. ఈ పేరు, ఈ ఫోటో పూర్తిగా వాళ్లవేనని మేం ఒప్పుకుంటున్నాం. వాళ్ల అనుమతితో వాడుకుంటున్నాం. మా సరుకు ఎట్లా ఉందో వాళ్లు వచ్చి చూడవచ్చు. వాళ్లు ఎప్పుడు వద్దంటే అప్పుడు, కారణం అడగకుండా మానుకుంటాం.

"ఎప్పుడు వద్దంటే అప్పుడా అక్కా?"

"వకీళ్లు గట్లనే రాస్తరు. మనం మనం ఉన్నం కద."

"మనం మనం అనే కద అప్పుడు పేరు పంచుకోలే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "గా పేరు పెట్టింది నేను చెల్లె. డబ్బాలు కట్టి దుబాయికి పంపింది నేను. మీరు నవ్వుతుంటె గా ఫోటోనే ఉండాలె అన్నది నేను. నాకేం హక్కు లేదా?"

"ఉంది. నాకు లేదా?"

మా ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నేను కాగితాన్ని మడిచి మళ్లీ ఆ కవర్లోనే పెట్టి యారాలు చేతికిచ్చాను. "మా అత్త ముఖం పెట్టుకునేటందుకు నేను ఇంకొకలను అనుమతి అడగ. గట్లయితే నాకొద్దే వద్దు" అన్నాను. తొందరపడకు అని మా ఆయన అంటూనే ఉన్నాడు. ఆమె చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయింది. ఆ మాట అన్నప్పుడు ఎంత గర్వంగా ఉండిందో నాకు బాగా గుర్తుంది. అది తప్పని ఈ రోజుకూ అనను. ఒకరి దయ మీద పొయ్యి వెలిగించుకోవడం నా వల్ల కాదు.

నెల తిరిగి అత్తమ్మ కరీంనగర్ పోయింది. ఆ నెలలోనే పని కానిచ్చాం. బోర్డు దించాం. పాత కవర్లు నాశనం చేయాలని నోటీసులో ఉంది కదా, ఇంటి వెనక కుప్ప పోశాం. కుప్ప నిండా ఆమె ముఖాలు. నేను అగ్గిపెట్టె పట్టుకొని నిలబడ్డాను గానీ చెయ్యి రాలేదు. నిక్షేపంలా బతికున్న మనిషి ముఖానికి నిప్పు ఎట్లా పెడతాం? గోనెసంచుల్లో కట్టి అటక మీద పడేశాం. కొత్త కవర్ల మీద మా ఆయన ఊరి పేరు వేయించాడు, పక్కన ఒక సకినం బొమ్మ. ఊరి పేరైతే ఎవరూ తన ఒక్కడిదే అనలేరని వకీలు సాబ్ చెప్పాడు. మేం కూడా అనలేమట. ఆయన ఎప్పుడూ అట్లాగే, ఒక మంచిమాట చెప్పి దాని వెనకే ఇంకోటి తగిలిస్తాడు.

కొత్త కవర్లు అరల్లోకి ఎక్కిన మొదటి రోజు, ఎప్పుడూ వచ్చే పత్తి బండి డ్రైవరు ఒకతను ప్యాకెట్ తీసి అటూ ఇటూ చూశాడు. "పెద్దామె లేదేంది అక్కా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోయిందా?" అని అడిగాడు. లేదు, మంచిగుంది అని చెప్పినా నమ్మినట్టు లేడు. ఒక్కడు కాదు, అట్లా చాలామందే అడిగారు. కొంతమంది అడగకుండానే నా వైపు జాలిగా చూసి, ప్యాకెట్ కొనకుండానే పోయారు. అమ్మకం పడిపోయిందన్న బాధ కన్నా, బతికున్న అత్తమ్మను రోజూ ఇట్లా బతికే ఉందని చెప్పుకోవాల్సి రావడం నన్ను ఎక్కువ తినేసింది.

అత్తమ్మ తిరిగి వచ్చే రోజు మా ఆయన వెళ్లి బస్సులో తీసుకొచ్చాడు. దారిలో చెప్తాడనుకున్నాను, చెప్పలేదు. నేను చెప్తాననుకున్నాడట. ఆమె చేతిసంచి కింద పెట్టి, చెప్పులు విడిచి, అలవాటుగా నేరుగా అరల దగ్గరికి పోయింది. ఒక ప్యాకెట్ తీసుకుంది. బోర్లా ఉందనుకొని తిప్పింది. మళ్లీ తిప్పింది. దాన్ని పెట్టేసి ఇంకోటి తీసింది. ఆ అరంతా చూసి కింది అర కూడా చూసింది.

"నేనేది బిడ్డా?" అంది.

నేను ఆమె చేతిసంచి తీసి బల్ల మీద పెట్టాను.

"పెద్దోని కాడ ప్యాకెట్ల మీద ఉన్న. ఈడెందుకు లేను? నన్నెందుకు తీసేసినవ్?" గొంతు చిన్నబోయింది. "ఆడ ఉన్నప్పుడు నేను నీ మీద ఏమన్న చెప్పిన్నని ఎవలన్న అన్నరా? ఒక్క మాట అనలే బిడ్డా. నీ మీద ఒట్టు, ఒక్క మాట అనలే."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఆమె నన్నే చూస్తోంది. నిజం చెప్తే పెద్దకొడుకు మీద మనసు విరగాలి, తన వేలిని తానే తిట్టుకోవాలి. ఊరుకుంటే నేను తీసేశానని నమ్మాలి. అందులో అబద్ధం కూడా లేదు, పెన్ను తీసిన మొగుణ్ణి ఆపింది నేనే.

"అచ్చు పాడైందత్తమ్మా" అన్నాను. "గా ఫోటో పాతదైంది, మంచిగ పడ్తలేదట. అందుకే."

ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. "గంతేనా! గట్ల చెప్పవైతివి, నేనెంత పరేషానయిన!" అని లోపలికి పోయింది. మేం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేలోపే బయటికి వచ్చింది. తల దువ్వుకుంది, యారాలు తెచ్చిన కొత్త చీర కట్టుకుంది. కొంగు చివర ఏదో కట్టి పట్టుకుంది. "పా, కొత్తది తీయించుకుందాం. ఈసారి ఇంటికి పిలుసుడెందుకు, మనమే పోదాం స్టూడియోకు" అంది.

వద్దని ఎట్లా చెప్పను? పోయాం. స్టూడియో అతను ఆమెను చూసి, నన్ను పక్కకు పిలిచి, "ఫ్రేముకా అక్కా? పెద్దది తీయాల్నా?" అని అడిగాడు. ముసలివాళ్లను తీసుకొచ్చి మంచి ఫోటో ఒకటి తీయించి దాచుకోవడం మామూలే, తర్వాత గోడకు పెట్టుకోవడానికి. "కాదు!" అని అరిచినంత పని చేశాను. అతను బిత్తరపోయాడు.

"ప్యాకెట్ మీదికి బిడ్డా" అంది అత్తమ్మ వెనక నుంచి. కొంగు ముడి విప్పింది. లోపల ఒక సకినం, నలగకుండా. నీలం పరదా ముందు దాన్ని పట్టుకొని నిలబడింది.

"జర నవ్వు అవ్వా."

"నవ్వద్దు బిడ్డా. గా దాంట్ల నవ్వలే. నవ్వితే జనం నన్ను గుర్తువట్టరు."

పొయ్యి మీద నూనె మాడుతున్నట్టు ముఖం పెట్టింది. పెట్టి, కదలకుండా నిలబడింది. నేను ఆమె నెత్తి మీది కొంగు సర్ది పక్కకు తప్పుకున్నాను.

ఫోటో బాగా వచ్చింది. ముఖం అదే కాబట్టి కవరు మీద వేయలేం, నా బీరువాలో ఉంది. మా ఇంటికి వచ్చిన ప్రతి నెలా అడుగుతుంది కొత్త కవర్లు ఎప్పుడొస్తాయని, ప్రెస్సులో ఉన్నాయంటాను. అరల్లో ప్యాకెట్లు బోర్లా పడి ఉన్నా ఇప్పుడు ఆమె లేచి తిప్పదు.